చేతారకు ఏ నెలలో వెళ్ళాలి? అమాల్ఫి తీరంలో ఒక చేపల ఊరి ఏడాది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాదు నుంచి మీ దంపతులు, అరవై ఏడేళ్ళ మీ అత్తగారు కలిసి ఇటలీకి వస్తున్నారు. రోము, ఫ్లోరెన్సు చూశాక ఒక నాలుగు రోజులు సముద్రం పక్కన చిన్న ఊళ్ళో ఏ హడావుడీ లేకుండా ఉండాలనుకుంటున్నారు. ఎవరో చేతార పేరు చెప్పారు. ఆగస్టులో విమానం టిక్కెట్లు అనుకూలంగా దొరుకుతున్నాయి, డిసెంబరులో వెళ్తే ఊరంతా మూసేసి ఉంటుందేమోనని భయం. అత్తగారు శాకాహారి, మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి.

సూటిగా జవాబు చెబుతాను. మే మొదటి వారం దాటాక, జూన్ పదిహేను లోపల వెళ్ళండి. అది కుదరకపోతే డిసెంబరు మొదటి పక్షంలో వెళ్ళండి. ఆగస్టు మాత్రం వద్దు. డిసెంబరులో మూతపడుతుందన్న మాట అదే తీరంలోని పొజితానోకు చాలావరకు వర్తిస్తుంది గాని చేతారకు వర్తించదు. పొజితానో యాత్రికుల మీద బతికే ఊరు, చేతార చేపల మీద బతికే ఊరు. వచ్చేవాళ్ళు తగ్గినంత మాత్రాన ఆ ఊరికి పని తగ్గదు.

నేను ఉద్యోగరీత్యా వచ్చి పదమూడేళ్ళుగా సలెర్నోలో ఉంటున్నాను. అక్కడినుంచి చేతార పది కిలోమీటర్లు కూడా ఉండదేమో. ఏ ఏడాదైనా ఏడెనిమిది సార్లు వెళ్తుంటాను, పన్నెండు నెలల్లోనూ ఆ ఊరిని చూశాను. ఇండియా నుంచి వచ్చిన బంధువులను, స్నేహితులను తీసుకువెళ్ళిన అనుభవం కూడా ఉంది గనుక మనవాళ్ళకు అక్కడ ఏది నచ్చుతుందో, ఎక్కడ ఇబ్బంది పడతారో కొంత తెలుసు.

ముందుగా పేరు గురించి ఒక మాట. దాన్ని "సెటారా" అనకూడదు, "చేతార" అనాలి, రెండో అక్షరం మీద ఊనిక వేయాలి. బస్సు డ్రైవరును మీరు సెటారా అని అడిగితే ఆయన మర్యాదగా తల ఊపి మిమ్మల్ని అమాల్ఫి దాకా తీసుకుపోయే ప్రమాదం ఉంది. ఇది నా తొలి ప్రయాణంలో నాకే జరిగింది.

సుమారు రెండు వేల జనాభా గల ఈ ఊరు రెండు కొండల మధ్య సన్నని లోయలో ఉంటుంది. పైన వియెత్రి నుంచి అమాల్ఫి వైపు పోయే 163వ నంబరు రోడ్డు, అక్కడినుంచి సముద్రం దాకా వాలుగా దిగే ఒక పెద్ద వీధి, వీధి చివర చిన్న ఇసుక తీరం, దాని పక్కన చేపల రేవు, ఒక కొసన పాత కావలి బురుజు, మధ్యలో రంగు పెంకుల గుమ్మటంతో సాన్ పియెత్రో చర్చి. 1534లో ఒట్టోమను నౌకలు ఈ ఊరి మీద పడి మనుషులను బందీలుగా పట్టుకుపోయాయి. తీరం పొడవునా కనిపించే బురుజులు ఆ భయం కాలపు గుర్తులు. చూడవలసిన "స్థలాలు" ఇంతే, ఒక పూటలో అయిపోతాయి. అందుకే ఒక్క పూట కోసం వెళ్ళి, ఫొటోలు తీసుకుని, "ఏముంది ఇక్కడ" అని తిరిగివచ్చేవాళ్ళే ఎక్కువ. నాలుగు రోజులు ఉండాలన్న మీ ఆలోచన సరైనదే, అయితే ఆ నాలుగు రోజులు ఏ కాలంలో అన్నదాన్ని బట్టి మీకు కనిపించే ఊరు మారిపోతుంది.

ఈ ఊరి పంచాంగం ఎండను బట్టి నడవదు, నెత్తళ్ళను బట్టి నడుస్తుంది. ఇటాలియనులో అలీచి అనే ఈ చేప మన కోస్తాలో నెత్తళ్ళు అని పిలిచే చేపకు దగ్గరి చుట్టం. సంప్రదాయం ప్రకారం ఉప్పులో ఊరవేసే చేపను మార్చి 25 నుంచి జూలై 22 దాకా, అంటే మరియమ్మకు దేవదూత కబురు చెప్పిన పండుగ మొదలు మగ్దలేనా పండుగ వరకు పడతారు. రాత్రిపూట పడవ మీద బలమైన దీపాలు వెలిగించి, ఆ వెలుగుకు పైకి వచ్చిన గుంపు చుట్టూ వల తిప్పి లాగుతారు. చీకటిలో వెలిగితేనే దీపానికి ఆకర్షణ గనుక నిండు పున్నమికి అటూ ఇటూ కొన్ని రాత్రులు పడవలు రేవులోనే ఉంటాయి. వసంతంలో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే చిట్కా ఇదే: హోటలు బుక్ చేసుకునే ముందు మన తెలుగు క్యాలెండరు తీసి తిథి చూసుకోండి. అమావాస్యకు దగ్గరలో ఉంటే రాత్రి పడవలు బయలుదేరడం, దూరాన దీపాలు నీళ్ళ మీద వరుసగా నిలవడం, తెల్లవారుజామున పెట్టెలు దించడం మీ కంటపడే అవకాశం ఎక్కువ. పున్నమి నాడు వెళ్తే వెన్నెల సముద్రం దక్కుతుంది గాని రేవు నిద్రపోతూ ఉంటుంది.

పట్టిన చేపను వెంటనే తల తుంచి, పేగు తీసి, తెర్జీన్యో అనే చెస్ట్‌నట్ కొయ్య తొట్టిలో ఒక వరుస ఉప్పు, ఒక వరుస చేపగా పేర్చి, పైన కొయ్య మూత వేసి దాని మీద బరువు రాళ్ళు పెడతారు. నెలలు గడిచేకొద్దీ ఉప్పుకు, బరువుకు చేపలోని నీరు ఊటగా పైకి వస్తుంది. ఆ ఊటను తీసి గాజు పాత్రల్లో పోసి ఎండలో పెడతారు, నీరు ఇగిరి చిక్కబడుతుంది. శరత్తు చివర దాన్ని మళ్ళీ అదే తొట్టిలో పోస్తే ఒక్కొక్క వరుసనూ తడుపుకుంటూ నెమ్మదిగా కిందికి దిగుతుంది. అడుగున వ్రియాలె అనే సూది లాంటి పనిముట్టుతో రంధ్రం చేసి, తేనె రంగు ద్రవాన్ని చుక్క చుక్కగా పడతారు. అదే కొలతూర. చదువుతుంటే మీకు ఏదో గుర్తుకు వస్తూ ఉండాలి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి, మూడో రోజు పిండి, ముక్కలను విడిగా ఊటను విడిగా ఎండలో పెట్టి, తిరిగి రెండింటినీ కలిపే మాగాయ పద్ధతే ఇది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఈ వివరమంతా విని, చేప సంగతి పక్కనపెట్టి, "అయితే వీళ్ళూ ఊటను ఎండబెట్టేవాళ్ళేనన్నమాట" అని తృప్తిపడింది. మీ అత్తగారికి కూడా ఇలాగే చెప్పండి, వాసన భరించడం కొంచెం తేలిక అవుతుంది.

ప్రాచీన రోమనులు వాడిన గారుం అనే చేప ద్రవానికి ఇది వారసత్వమని, మధ్యయుగంలో ఇక్కడి సిస్టెర్షియను సన్యాసుల తొట్ల నుంచి తిరిగి పుట్టిందని ఊళ్ళో చెబుతారు. 2020లో ఐరోపా సమాఖ్య దీనికి డి.ఓ.పి. ముద్ర, అంటే ఫలానా ప్రాంతపు అసలు సరుకేనని చెప్పే గుర్తింపు, ఇచ్చింది. ఆ ముద్ర ఉన్న సీసా కావాలంటే చేప కనీసం తొమ్మిది నెలలు ఊరాలి. అంగడిలో "కొలతూర" అని మాత్రమే రాసి చవకగా అమ్మే సీసాలు వేరు, ముద్ర ఉన్నవి వేరు. కొనేటప్పుడు చూసుకోండి.

ఇక కాలాల వారీగా వస్తాను.

మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ వరకు ఊరు నిద్రలేచే సమయం. పగలు ఎండ హాయిగా ఉంటుంది గాని సాయంత్రం ఉన్ని స్వెట్టరు తప్పదు, వాన ఎప్పుడైనా పడవచ్చు. సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది, 15 డిగ్రీల దగ్గర. కొండ మెట్ల మీది నిమ్మ తోటలకు చలికాలం కప్పిన నల్ల వలలు ఒక్కొక్కటే తొలగుతాయి. సలెర్నో నుంచి పడవలు సాధారణంగా ఏప్రిల్లో మొదలవుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త: ఈస్టరు మరునాటి సోమవారం, ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 ఇటలీ సెలవు రోజులు. నేపుల్స్ నగరంలో సగం ఈ తీరానికే తరలివచ్చిందా అన్నట్టు ఉంటుంది. ఈ తేదీలు వారాంతానికి ఆనుకుంటే మూడు నాలుగు రోజుల పాటు రోడ్డు మీద కదలలేరు. మిమ్మల్ని మే మొదటి వారం దాటాక రమ్మన్నది అందుకే.

మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు నా దృష్టిలో అన్నివిధాలా ఉత్తమం. నిమ్మ పూల వాసన ఇంకా కొండ మీద ఉంటుంది, చేప పట్టడం జోరుగా సాగుతుంది, ఉప్పు వేసే గదుల తలుపులు తెరిచి ఉంటాయి, రాత్రి తొమ్మిది దాకా వెలుగు ఉంటుంది. ఈ తీరపు నిమ్మకాయ కోలగా, మన అరచేతి పొడవున, మందపాటి తొక్కతో ఉంటుంది. తొక్కతో సహా ముక్కలు కోసి, ఉప్పు చల్లుకుని తింటారు. మనకు పులుపు కొత్త కాదు గనుక మొదటిసారే నచ్చుతుంది. ఈ నెలలో రేవు కొంచెం ఖాళీగా కనిపించినా ఆశ్చర్యపోకండి. చేతారకు నెత్తళ్ళ పడవలతో పాటు ట్యూనా వేటకు పోయే పెద్ద నౌకలు కూడా ఉన్నాయి. మధ్యధరా సముద్రంలో ఎర్ర ట్యూనా పట్టడానికి అంతర్జాతీయ కోటా ప్రకారం అనుమతించేది మే ఆఖరు నుంచి కొన్ని వారాలే గనుక అవి అప్పుడు దూరంగా వేటలో ఉంటాయి. ఆ ట్యూనాలో పెద్ద భాగం జపాను చేరుతుంది.

జూన్ 29 సాన్ పియెత్రో, అంటే సెయింట్ పేతురు, పండుగ. పేతురు చేపలు పట్టేవాళ్ళకు రక్షకుడు, ఊరికి ఇలవేల్పు లాంటివాడు. విగ్రహాన్ని భుజాల మీద ఎత్తి వీధుల వెంట సముద్రం దాకా తీసుకువస్తారు, రాత్రి బాణాసంచా కాలుస్తారు. గుంపు భయం లేనివాళ్ళకు ఇది ఏడాదిలోకెల్లా మంచి రోజు. మీ అత్తగారితో అయితే ముందు రోజు వచ్చి, వీధికి ఎదురుగా కిటికీ ఉన్న గది తీసుకుని, పైనుంచి చూడమని చెబుతాను. ఆ రోజున బయటినుంచి వచ్చి రాత్రికి తిరిగి వెళ్ళాలనుకుంటే బస్సులో చోటు దొరకడం కష్టం.

ఆగస్టు గురించి ఎక్కువ రాయను. ఎండ 30 డిగ్రీలు దాటుతుంది, ఇసుక తీరంలో ఎక్కువ భాగం కిరాయి గొడుగుల కింద పోతుంది, ఉచితంగా కూర్చునే జాగా ఉదయం ఏడుకే నిండుతుంది. 15వ తేదీ ఫెర్రగోస్తో సెలవు చుట్టూ ఉన్న రెండు వారాల్లో గది అద్దె మే నెలకంటే దాదాపు రెట్టింపు పలకడం చూశాను. కారు అద్దెకు తీసుకుందామనుకుంటే మరో చిక్కు ఉంది: ఇటీవలి ఏళ్ళలో వేసవి రద్దీ రోజుల్లో ఈ రోడ్డు మీద పగటిపూట సరి సంఖ్య, బేసి సంఖ్య నంబరు పలకల వంతు అమలు చేస్తున్నారు. మీ కారు నంబరు చివరి అంకె ఆ రోజుకు సరిపడకపోతే జరిమానాయే. విమానం టిక్కెట్టులో మిగిలిన డబ్బు ఇక్కడ రెండు రోజుల్లో పోతుంది. ఈదడం మీకు ముఖ్యమైతే సెప్టెంబరు రండి. సముద్రం 24, 25 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది, పిల్లలు బళ్ళకు పోయి ఉంటారు. సెప్టెంబరు 21న సలెర్నోలో సాన్ మత్తేయో పండుగ కూడా చూడవచ్చు.

అక్టోబరు, నవంబరు నెలల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రయాణ ప్రకటనలు ఈ మాట చెప్పవు. కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి, మధ్యలో వాగు పారే లోయలోనే ఊరు ఉంది. సముద్రం ఇంకా వెచ్చగా ఉండగానే చల్లని గాలి వచ్చి కొండను తాకితే కొద్ది గంటల్లోనే కుండపోత పడుతుంది. 1910 అక్టోబరు 24న వచ్చిన వరద, బురద చేతారను ధ్వంసం చేసి వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. 1954 అక్టోబరు 25, 26 రాత్రి సలెర్నో, వియెత్రి, మయోరి ప్రాంతాల్లో మూడు వందలమందికి పైగా పోయారు. 2010 సెప్టెంబరులో ఇదే తీరంలో ఉన్న అత్రానిలో వాగు వీధి మీదుగా పారింది. ఇప్పుడు హెచ్చరిక వ్యవస్థ బాగుంది. ప్రాంతీయ ప్రభుత్వం పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ముందుగానే ప్రకటిస్తుంది. నారింజ లేదా ఎరుపు ప్రకటన ఉన్న రోజు ఈ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోకండి. ఒక అక్టోబరులో నేను ఈ మాట పట్టించుకోకుండా స్నేహితులను తీసుకువెళ్ళి, కొండచరియ పడి రోడ్డు మూసేస్తే ఒక రాత్రి అదనంగా ఉండిపోవలసి వచ్చింది. మాకు ఏమీ కాలేదు గాని వాళ్ళకు మరునాడు ఉదయం రోములో విమానం ఉంది, అది పోయింది. శరత్తులో వచ్చేవాళ్ళు తీరాన్ని ప్రయాణం మధ్యలో పెట్టుకోవాలి, విమానానికి ముందు రోజుకు ఎప్పుడూ పెట్టుకోకూడదు.

అయినా అక్టోబరులో వాన లేని రోజు దొరికితే అంత తేటగా ఉండే సముద్రం మరే నెలలోనూ ఉండదు. ఊళ్ళో ముసలివాళ్ళు తీరం మీద బల్లలను మళ్ళీ తమ సొంతం చేసుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత నాలుగింటి దాకా "కొంత్రోరా", అంటే ఎండవేళ విశ్రాంతి. అంగళ్ళు మూస్తారు, గొంతులు తగ్గుతాయి. మనవాళ్ళు సరిగ్గా ఆ వేళకే బస్సు దిగి "అన్నీ మూసేశారేమిటి" అని కంగారుపడతారు. భోజనం ఒంటిగంటకు ముందే చేసి మీరూ పడుకోండి.

డిసెంబరును నేను రెండో స్థానంలో పెట్టడానికి కారణం కొలతూరే. పాత రోజుల్లో వసంతంలో వేసిన తొట్టి నుంచి ఊట తీసేది ఈ నెల మొదట్లో, క్రిస్మసు ముందు రాత్రి భోజనానికి అందేలా. ఆ రాత్రి మాంసం ముట్టరు, చేపతోనే వంట. అందులో కొలతూర కలిపిన స్పగెత్తి తప్పనిసరి. చేతారలో డిసెంబరు తొలి రోజుల్లో దీనికి పండుగలాగా చేస్తారు, ఉప్పు గదులవాళ్ళు చూడనిస్తారు, రుచి చూపిస్తారు. ఆ వంట చాలా సులభం. పచ్చి వెల్లుల్లి, ఆలివ్ నూనె, పార్స్‌లీ ఆకు, కొద్దిగా ఎండుమిరప గిన్నెలో వేసి, మనిషికి ఒక చెంచా చొప్పున కొలతూర పోసి, ఉడికిన స్పగెత్తిని అందులో కలపడమే. స్పగెత్తి ఉడికే నీళ్ళలో ఉప్పు వేయకూడదు, కొలతూరను పొయ్యి మీద వేడి చేయకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా తినలేరు. నేను మొదటిసారి రెండూ తప్పాను.

చలి గురించి భయపడకండి. పగలు 13, 14 డిగ్రీలు, రాత్రి 7, 8 డిగ్రీలు ఉంటాయి, మంచు పడడం బాగా అరుదు. అసలు ఇబ్బంది ఇంటి లోపల. ఇవి వేసవి కోసం కట్టిన రాతి గోడల ఇళ్ళు, తేమ పడతాయి. ఒక జనవరిలో నేను తీసుకున్న గదిలో "వేడి ఉంది" అని రాసి ఉన్నదంతా చిన్న విద్యుత్ పొయ్యి ఒకటే. దాన్ని వేస్తే నీళ్ళు కాచే యంత్రం ఆగిపోయేది. గది తీసుకునే ముందు ప్రతి గదిలోనూ వేడి గాలి యంత్రం ఉందా అని రాతపూర్వకంగా అడగండి. రెండవది, ఊరు తూర్పు ముఖంగా ఉండి వెనుక కొండ ఉండడం వల్ల చలికాలం మధ్యాహ్నం గడవగానే నీడ పడుతుంది. ఉదయం మాత్రం సూర్యుడు నేరుగా ఎదుట వస్తాడు. కాబట్టి పొద్దున్నే ఊళ్ళో తిరిగి, సాయంత్రం బస్సులో సలెర్నో వెళ్ళి వీధుల్లో పెట్టే దీపాల అలంకరణ చూసి రావడం మంచి పద్ధతి. నవంబరు నుంచి జనవరి దాకా ఆ దీపాలు ఉంటాయి, వారాంతాల్లో మాత్రం విపరీతమైన జనం.

జనవరి 6 తర్వాత ఫిబ్రవరి ఆఖరు దాకా నిజంగానే మందకొడి. భోజనశాలల్లో చాలావి వంతులవారీగా మూసుకుని సెలవు తీసుకుంటాయి. కాఫీ అంగడి, రొట్టె అంగడి, చేపల దుకాణం మాత్రం ఉంటాయి. మనుషుల దగ్గర కూర్చుని మాట్లాడడానికి నాకు ఇష్టమైన కాలం ఇదే గాని తొలిసారి వచ్చేవాళ్ళకు సిఫారసు చేయను.

రావడం ఎలాగంటే, రోము నుంచి సలెర్నోకు వేగపు రైలు సుమారు రెండు గంటలు. స్టేషను దగ్గర అమాల్ఫి బస్సు దొరుకుతుంది, చేతారకు అరగంటకు పైగా పడుతుంది. టిక్కెట్టు బస్సులో కాకుండా ముందుగా పొగాకు దుకాణంలోనో కాఫీ అంగడిలోనో కొనుక్కోవాలి, ఎక్కగానే యంత్రంలో ముద్ర వేసుకోవాలి. పడవ నడిచే నెలల్లో అయితే పడవే మేలు. పదిహేను ఇరవై నిమిషాల్లో నేరుగా రేవులో దించుతుంది, మలుపుల రోడ్డులో కడుపు తిప్పే బాధ ఉండదు. సముద్రం పొంగితే పడవలు ఆపేస్తారు గనుక బస్సు వేళలు కూడా దగ్గర ఉంచుకోండి. కారు మాత్రం వద్దు.

మోకాళ్ళ విషయంలో ఈ తీరంలో చేతార సాపేక్షంగా దయగల ఊరు. పెద్ద వీధి వాలుగా ఉంటుంది గాని మెట్లు కావు. నడుమ ఆగడానికి బల్లలు ఉన్నాయి. ఇబ్బంది అంతా ఇళ్ళకు పోయే సందుల్లో. ఫొటోలో సముద్రం ఎంత బాగా కనిపిస్తే ఇల్లు అంత ఎత్తున ఉందని లెక్క. "వీధి నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు" అని అడగండి, "కొద్దిగానే" అని జవాబిస్తే అంకె చెప్పమనండి. మా పిన్నిగారిని తీసుకువెళ్ళినప్పుడు "కొద్దిగానే" అన్నవి తొంభై రెండు మెట్లు.

శాకాహారం అసలైన సమస్య, దాచను. ఈ ఊళ్ళో కొలతూరను మనం ఇంగువ వాడినట్టు వాడతారు. ఆకుకూర వేపుడులో, టమాటా సాసులో, వంకాయ మీద, ఎక్కడైనా కంటికి కనబడకుండా పడుతుంది. "చేప ముక్క లేదు" అంటే వాళ్ళ లెక్కలో చేప లేనట్టే. కాబట్టి అత్తగారి కోసం ఈ వాక్యం కాగితం మీద రాసి ఉంచుకోండి: "నొన్ మాంజా నే కార్నే నే పెషే, నెమ్మేనో అలీచి ఎ కొలతూర." మాంసం గాని చేప గాని తినరు, నెత్తళ్ళూ కొలతూరా కూడా తినరు అని అర్థం. మరినారా పిజ్జా అంటే టమాటా, వెల్లుల్లి, నూనె, ఒరెగానో మాత్రమే, సాధారణంగా ఇబ్బంది లేదు. నాపోలి, రొమానా అన్న పేర్లున్న పిజ్జాల్లో మాత్రం అలీచి ఉంటుంది. బంగాళాదుంప వేపుడు చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడగాలి. గట్టి జున్నుల్లో పార్మిజానో, గ్రానా వంటివి దూడ కడుపులోని ద్రవంతో తోడు పెట్టేవి, అంత నిష్ఠ ఉన్నవాళ్ళయితే అవీ మానాలి. ఈస్టరు రోజుల్లో కాసాతియెల్లో అనే గుండ్రటి రొట్టె చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గాని అందులో పంది కొవ్వు ఉంటుంది.

ఈ లెక్కలన్నీ చూస్తే వంటగది ఉన్న ఇల్లు తీసుకోవడమే నయం. సలెర్నో స్టేషను పరిసరాల్లో ఉపఖండపు సరుకుల దుకాణాల్లో బియ్యం, పప్పు, చింతపండు దొరుకుతాయి. బస్సు ఎక్కే ముందే కొనుక్కోండి, చేతారలో దొరకవు. ఇక్కడి కూరగాయలు, నిమ్మకాయలు ఉంటే చారు, పులిహోర హాయిగా నడుస్తాయి. ఈ నిమ్మకాయలో పులుపు మన నిమ్మకంటే తక్కువ, రసం ఎక్కువ పోయాలి.

వీసాకు షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టవచ్చు. మే నెలకు అయితే జనవరి, ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంటు చూసుకోండి, వేసవికి దగ్గరయ్యే కొద్దీ దొరకవు. ఇల్లు కూడా ఖర్చు లేకుండా రద్దు చేసుకునే షరతు ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే ఆ కాగితం వీసాకు చూపించాలి.

తిరుగు ప్రయాణంలో కొలతూర సీసా తెచ్చుకుంటారు గనుక చివరగా ఇది కూడా చెబుతున్నాను. వంద మిల్లీలీటర్ల సీసా అయినా చేతి సంచిలో పెట్టకండి. మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, చెక్-ఇన్ పెట్టెలో పాత తువ్వాలు మధ్య పెట్టండి. అత్తగారి చీరలున్న పెట్టెలో మాత్రం వద్దు. నా పెట్టెలో ఒకసారి కారింది, ఆ పెట్టెను ఇప్పటికీ మా ఇంట్లో అటక మీదే ఉంచుతున్నాం.